తప్పిన రోజు ఎవరిది?

“నువ్వొక రోజు తప్పావు మరియంబీ.”

పోయిన వారం మోటారు కొట్టు దగ్గర అచ్చాయమ్మ ఆ ఒక్క మాట అనేసి, చీర కుచ్చిళ్ళు దులుపుకుని, వెనక్కి చూడకుండా ఇంటిదారి పట్టింది. మరియంబీతో పాటు మనమూ గట్టు మీదే నిలబడిపోయాం.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. కొల్లేరు అంచున కొత్తలంక అనే ఊరు. అక్కడ చేపల చెరువుల ఇంజన్లు బాగుచేసే మునీర్, తండ్రి మదార్ పోయాక తల్లిని ఏలూరు నుంచి తన దగ్గరికి తెచ్చుకున్నాడు. ఆ తల్లే మరియంబీ. ఏలూరులో కూతురు ఇరమ్ ఇంటి వసారాలో మరియంబీ మగ్గం ఉంది. భార్యాభర్తలు పక్కపక్కన కూర్చుని ముడులు వేసిన తివాచీ ఒకటి, మదార్ పోయిననాటి నుంచి ఆ మగ్గం మీద సగంలో ఆగి ఉంది. వెళ్ళి దాన్ని పూర్తి చేయాలని మరియంబీ ఆశ. వెళ్ళనివ్వనని పక్కింటి అచ్చాయమ్మ పట్టుదల. ఇద్దరికీ షుగరు. ఆ ఏడు రంజానూ కార్తీకమూ జంటగా వచ్చాయి. తొలి నెలవంకను చూసి ఇద్దరూ పందెం వేసుకున్నారు. మళ్ళీ నెలవంక కనబడేదాకా, రోజూ, ఒక్క రోజు కూడా తప్పకుండా, అచ్చాయమ్మ వాళ్ళ చెరువు గట్టు మీద, నీళ్ళు తోడే మోటారు కొట్టు దాకా పరుగెత్తి రావాలి. మరియంబీ తప్పితే ఏలూరు ఊసు ఎత్తకూడదు. అచ్చాయమ్మ తప్పితే మరియంబీ ఏదడిగితే అది చేసి తీరాలి.

ఇక ఆ సాయంత్రమో మర్నాడో నెలవంక. సరిగ్గా ఆ పొద్దునే అచ్చాయమ్మ ఈ మాట అంది.

పరుగంటే ఏదో పతకాల పరుగు ఊహించుకోకండి. యాభై దాటిన ఇద్దరు ఆడవాళ్ళు, ఒకావిడ కొడుకు కొనిపెట్టిన తెల్ల కాన్వాసు బూట్లతో, ఇంకొకావిడ ఒట్టి కాళ్ళతో, కొంగు నడుముకు బిగించి, కబుర్లు చెప్పుకుంటూ ఆయాసపడుతూ పోయేదాన్ని ఊళ్ళో జనం పరుగని ఒప్పుకోలేదు. నడక కాదని మాత్రం ఒప్పుకున్నారు. మొదటి వారం అరుగుల మీద కూర్చున్న మగవాళ్ళు నవ్వారు. రెండో వారం వాళ్ళ పెళ్ళాలు నవ్వారు. మూడో వారానికి నవ్వేవాళ్ళకే విసుగొచ్చి, “ఇవాళ ఆలస్యమైందేంటండీ?” అని అడగడం మొదలుపెట్టారు. రోజూ చేసే పనికి అదొక్కటే గౌరవం.

మరియంబీకి ఆ పరుగు మీద చెప్పలేనంత ఇష్టం కలిగింది. ఆమెకే అది ఆశ్చర్యం. బయల్దేరిన కాసేపు ఒళ్ళంతా మొరాయిస్తుంది. నడుము ఒకటంటుంది, మోకాళ్ళు ఒకటంటాయి. రెండో తూము దాటాక అన్నీ ఊరుకుంటాయి. అటూ ఇటూ నీళ్ళు, నీళ్ళ మీద మంచు, మంచులోంచి కిక్కిస పొదల తలలు. గూడబాతులు రెక్కలు ఆడించకుండా తేలుతుంటాయి. తను పరుగెత్తుతోందో, తను నిలబడి ఉంటే గట్టే వెనక్కి జరిగిపోతోందో తెలియదు. పొద్దు పొడిచే వేళ నీళ్ళలో రంగులు ఒక్కో వరసా పైకి తేలతాయి. ముందు బూడిద రంగు, తరవాత పావురం మెడ రంగు, ఆ తరవాత దానిమ్మ గింజ రంగు. ఆమె వేళ్ళు వాటంతటవే ముడి వేస్తున్నట్టు కదులుతాయి. అప్పుడు కుడిపక్క మదార్ ఉంటాడు. పరుగెత్తడు, ఆయాసపడడు. మగ్గం ముందు బల్ల మీద కూర్చున్నట్టే తనపాటికి తను ఉంటాడు. బతికినన్నాళ్ళూ పని చేసేటప్పుడు పక్కకి తిరిగి చూసిన మనిషి కాదు. ఇప్పుడూ చూడడు. అయినా ఉన్నాడని ఆమెకి తెలుస్తుంది.

ఆ పొద్దున కూడా ఉన్నాడు. కార్తీకం అయిపోయి పోలి పాడ్యమి వచ్చింది. అచ్చాయమ్మ చీకటితోనే అరటి దొప్పల్లో దీపాలు వెలిగించి, పోలిని స్వర్గానికి సాగనంపుతూ చెరువులో వదిలింది. ఇద్దరూ పరుగు మొదలెట్టేసరికి ఆ దీపాలు ఇంకా గట్టు పొడుగునా వాళ్ళతో పాటే కదులుతున్నాయి. మరియంబీ వాటిని చూస్తూ, తివాచీ అంచుకి ఏ రంగు వేయాలో ఆ క్షణాన నిర్ణయించేసుకుంది. నెల గడిచింది, గెలిచానని సంబరపడింది. అంతలో మోటారు కొట్టు వచ్చింది. అచ్చాయమ్మ ఆగి, ఊపిరి తీసుకుని, ఆ మాట అంది.

పగలంతా మరియంబీ రోజా ఉపవాసంతో పాటు ఆ మాటను కూడా పొట్టలో పెట్టుకుని కూర్చుంది. ఏ రోజు తప్పింది? జ్వరం వచ్చినట్టున్న రోజున కూడా వెళ్ళింది. వాన కురిసిన రోజున గోనెసంచి కప్పుకుని వెళ్ళింది. అచ్చాయమ్మ అబద్ధమాడే మనిషి కాదు. అదే ఆమెను ఎక్కువ బాధ పెట్టింది.

గోడకి ఆనుకుని కాలు చాపితే ఎడమ మోకాలు నునుపుగా, ఉబ్బి కనబడింది. దాని సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. పోయిన శుక్రవారం ఏలూరు వెళ్ళినప్పుడు డాక్టరమ్మ జీవరత్నం గారు రక్తపరీక్ష కాగితం చూసి ముఖమంతా నవ్వారు. “షుగరు దిగిందండీ, ఏం చేశారు?” అని అడిగి, సంగతి విని, మోకాలు చూసి నవ్వు ఆపేశారు. “నడవమన్నాను గానీ పరుగెత్తమన్నానా? మీకు నిద్ర పట్టింది, ఆకలి పుట్టింది, మొహంలో కళ వచ్చింది, అన్నీ సరే. ఈ మోకాలికి రోజు విడిచి రోజైనా విశ్రాంతి ఉండాలి. రోజూ అని పంతం పట్టారంటే నేల మీద కూర్చోవడమే కష్టమవుద్ది” అన్నారు. బయట బెంచీ మీద కూర్చున్న మునీర్‌కి మరియంబీ మొదటి సగమే చెప్పింది. రెండో సగం కొంగులో ముడివేసుకుని బస్సెక్కింది.

అదే బాధ. ఏ పరుగు తనను మళ్ళీ మనిషిని చేసిందో, ఆ పరుగే మగ్గం ముందు కూర్చోనివ్వకుండా చేస్తుందేమో. ఒక్క పరుగు మానేస్తే మోకాలు బాగుపడుతుంది, పందెం పోతుంది. మానకపోతే పందెం గెలుస్తుంది. మరి గెలిచి ఏలూరు వెళ్ళి కూర్చోలేకపోతే? ఆ శుక్రవారం నుంచి ఈ తక్కెడలో ఊగుతూనే పరుగెత్తింది. ఇప్పుడు ఎప్పుడో ఒక రోజు తప్పావంటే ఎలా ఉంటుంది చెప్పండి.

సాయంత్రం ఖర్జూరాలు కొంగున కట్టుకుని, కుంటు కనబడకుండా నెమ్మదిగా గట్టెక్కింది. పడమర మబ్బు పట్టి ఉంది. అచ్చాయమ్మ మోటారు కొట్టు అరుగు మీద, పక్కన మజ్జిగ చెంబు పెట్టుకుని కూర్చుంది. కొత్తలంకలో మసీదు లేదు. ఈ నెలంతా పొద్దు దిగిందో లేదో కళ్ళు చికిలించి చూసి, “దిగింది, తాగు” అని చెప్పే పని అచ్చాయమ్మదే. పొద్దున అంత మాట అన్నా, ఆ పని మాత్రం మానలేదు.

“ఏ రోజు తప్పానండి నేను?” మరియంబీ నిలబడే అడిగింది.

“ముందు కూర్చో. పొద్దు ఇంకా దిగలేదు.”

“చెప్పండక్కా.”

“దిగనీ. ఉపవాసమున్న మనిషితో నేను తగువాడను.”

ఇద్దరూ పడమటికి చూస్తూ కూర్చున్నారు. మబ్బు కింది అంచున సూర్యుడు ఒక్కసారి ఎర్రగా తొంగి చూసి, కిక్కిస పొదల వెనక్కి జారాడు. నీళ్ళు రంగు మారాయి. కొంగలు గుంపుగా తల మీదుగా వెళ్ళాయి. దూరంగా ఏదో చెరువు మీద ఇంజను ఆగింది. అంత నిశ్శబ్దంలో అచ్చాయమ్మ చెంబు చేతికందించింది.

“దిగింది. తాగు. తాగాక తిట్టుకుందాం.”

మరియంబీ ఖర్జూరం నోట్లో వేసుకుని, బిస్మిల్లా అనుకుని, మజ్జిగ తాగింది. చల్లగా, అల్లం వేసి ఉంది. ఆ చల్లదనానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపంగా ఉండాల్సిన వేళ మజ్జిగ అంత బాగుండటం అన్యాయం అనిపించింది.

“ఇప్పుడు చెప్పండి.”

“మొన్న శుక్రవారం.”

“శుక్రవారం పరుగు నేను చేశానండి.”

“ఎప్పుడు చేశావు? తెల్లారకుండా మొదటి బస్సుకి ఏలూరు పోయావు. చీకటి పడ్డాక దిగావు. నేను డాబా మీద నించుని చూస్తానే ఉన్నాను. మధ్యలో పరుగెక్కడుంది?”

“గురువారం సాయంత్రం చేసేశానండి. మీరిచ్చిన మజ్జిగ తాగి, నమాజు చేసుకుని, టార్చిలైటు పట్టుకుని వచ్చాను.”

“అదీ చూశాను. గట్టు మీద లైటు ఊగుకుంటూ పోతుంటే ఎవరో కప్పలు పడుతున్నారనుకున్నా. గురువారం పొద్దున ఒకసారి, గురువారం రాత్రి ఒకసారి. ఒకే రోజు రెండుసార్లు అన్నం తింటే రేపటి అన్నం తిన్నట్టేనా?”

మరియంబీ ఆమె వంక వింతగా చూసింది. “గురువారం రాత్రేంటక్కా? పొద్దు దిగాక శుక్రవారమే కదండీ.”

“పొద్దు దిగాక శుక్రవారమెలా అవుద్దే?”

“మాకంతేనండి. పొద్దు దిగితే రోజు మారిపోద్ది. ముందు రాత్రి, తరవాత పగలు. నెలవంక కనబడ్డ రాత్రే రంజాన్ మొదలై, తెల్లారి కదా మేం రోజా ఉన్నాం? మీ పక్కనే కూర్చుని చూశాను కదా. రోజూ పొద్దు దిగిందని చెప్పేది కూడా మీరేనండి.”

అచ్చాయమ్మ పడమటికి చూసింది. తను నెలంతా చెబుతున్నది మజ్జిగ తాగే వేళ అనుకుంది గానీ, అవతలి మనిషికి రోజు మారే వేళ అని ఆమెకి తట్టలేదు. ఓడిపోతున్నానని తెలిసినప్పుడు గొంతు పెంచడం ఆమెకి అలవాటు.

“ఏమో నాకవన్నీ తెలీదు. గట్టు నాది. ఈ గట్టు మీద పొద్దు పొడిస్తేనే రోజు. తెల్లారేదాకా నిన్నటి రోజే. నువ్వు తప్పావు.”

“అయితే సరేనండి” అంది మరియంబీ. ఇన్నాళ్ళూ లోపల దాచుకున్న ఒక సంగతి అప్పుడు బయటికొచ్చింది. “మీరు ద్వారకా తిరుమల వెళ్ళిన శనివారం సంగతేంటండీ మరి?”

“ఆ శనివారానికేం? నేను తప్పలేదు.”

“చీకటితో వ్యాను కట్టించుకుని వెళ్ళారు. భీమడోలు దగ్గర టైరు పోయిందని నడిజాము దాటాక వచ్చారు. మర్నాడు పొద్దున నేను గట్టెక్కేసరికి మట్టిలో అడుగులున్నాయండి. ఒట్టి కాళ్ళ అడుగులు. బొటనవేలు లోపలికి తిరిగి ఉంటుంది మీకు. వెళ్ళిన అడుగులు, తిరిగొచ్చిన అడుగులు. మీరేమో ఏమీ ఎరగనట్టు వచ్చి నాతో మళ్ళీ పరుగెత్తారు.”

“తెల్లారకముందు పరుగెత్తాను. అది శనివారానిది. తెల్లారాక నీతో పరుగెత్తింది ఆదివారానిది. రాత్రంతా వ్యానులో కూర్చుని నడుము విరిగినా, పందెం మాట పోకూడదని చీకట్లో పాములకి భయపడతా పరుగెత్తాను!”

“మా లెక్కలో శనివారం ఎప్పుడో సాయంత్రమే అయిపోయిందండి. మీరు రెండుసార్లు పరుగెత్తింది ఆదివారమే. చూసి కూడా నేనేమీ అనలేదు.”

“ఎందుకనలేదు?”

“మీరు ఓడిపోతే నాకేం సంతోషమండీ?”

మోటారు కొట్టు లోపల ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. మేత సంచి భుజాన వేసుకుని గంగరాజు బయటికొచ్చాడు. అచ్చాయమ్మ భర్త. ఆయనకి చేపల కబుర్లు తప్ప వేరే కబుర్లు పట్టవని ఊళ్ళో పేరు గానీ, చెవులు మాత్రం చురుకు.

“ఏవండోయ్, మీ ఇద్దరికీ ఒక మాట చెబుతాను, కొట్టరు కదా?” అన్నాడు. “చెల్లెమ్మకి పొద్దుగూకితే రోజు మారుద్ది. మా ఆవిడకి పొద్దు పొడిస్తే మారుద్ది. బానే ఉంది. కానీ రోజూ కదలండని మీ ఇద్దరికీ చెప్పింది డాక్టరమ్మ కదా. ఆవిడ గోడకి గడియారం ఉంది. దానికి అర్ధరాత్రి మారుద్ది. ఆ లెక్కన చెల్లెమ్మకి శుక్రవారం లేదు, నీకు శనివారం లేదు. ఇద్దరూ తప్పారు.”

అని, సంచి ఎత్తుకుని, తను చేసిన ఘనకార్యం ఏమిటో తెలియనట్టు మేత దోనె వైపు వెళ్ళిపోయాడు.

అరుగు మీద ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు అచ్చాయమ్మ భుజాలు కదిలాయి. తరవాత మరియంబీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇద్దరూ నవ్వారు. చెరువు అవతలి గట్టు మీద బాతులు బెదిరి నీళ్ళలోకి దిగేంతగా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ అచ్చాయమ్మ ఎప్పుడు ఏడుపులోకి దిగిందో మరియంబీ గమనించలేదు.

“ఇద్దరం ఓడితే నువ్వు ఉండిపోవాలి కదే” అంది అచ్చాయమ్మ ముక్కు తుడుచుకుంటూ. “నాకదే కావాలి. నువ్వు తప్పావని చెప్పడానికి పొద్దున ఎంత గుండె రాయి చేసుకున్నానో నీకు తెలీదు. నువ్వెళ్ళిపోతే నేనెవరితో పరుగెత్తాలి? ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో కాపురం చేశాను. వంటింటి నుంచి చెరువుకి, చెరువు నుంచి వంటింటికి. పొద్దున్నే నాకంటూ ఒక పనుందని నిద్ర లేచింది ఈ నెలలోనే. నిన్ను పరుగుకి లాక్కొచ్చింది నేనే. ఒళ్ళు బాగుపడి నువ్వు వెళ్ళిపోతావని నాకేం తెలుసు?”

మరియంబీ ఆమె చెయ్యి పట్టుకుంది. మట్టి పట్టిన, గట్టిగా ఉన్న చెయ్యి. తన కుడిపక్కన ఇన్నాళ్ళూ మదారే ఉన్నాడనుకుంది. ఒట్టి కాళ్ళతో ఆయాసపడుతూ ఈ మనిషి కూడా అదే పక్కన ఉందని, ఆమె అడుగుల చప్పుడుకే తన వేళ్ళు లయ కట్టాయని అప్పుడు తెలిసింది. తెలిసి గుండె నిండిపోయింది.

“నేను ఓడినదానికి నేను ఉండాలి. మరి మీరు ఓడినదానికి నేను అడిగింది మీరు చెయ్యాలి కదండీ?”

“అడుగు.”

“ఆ కొట్టు పక్కన పాత మేత గది ఖాళీగానే ఉంది కదండీ. తూర్పు వైపు కిటికీ ఉంది. నా మగ్గం అక్కడ పెట్టుకోనివ్వండి.”

అచ్చాయమ్మ ముఖం ఒక్కసారిగా వెలిగింది. “ఓసి పిచ్చిదానా, ఇది ముందే అడిగితే నెలంతా ఈ తిప్పలెందుకు? రేపే సున్నం కొట్టిస్తాను. బల్ల కాస్త ఎత్తుగా వేయిద్దాం. కాళ్ళు కిందికి వేలాడేసుకుని కూర్చుంటే మోకాలికి...” అని ఆగిపోయింది.

“మోకాలి సంగతి మీకెలా తెలుసండీ?”

అచ్చాయమ్మ చెంబు అటూ ఇటూ తిప్పింది. “నువ్వు మొన్న పంపు దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే చూశాను. భయమేసింది. నువ్వు చెప్పవు. అందుకని మునీర్‌కి చెప్పాను. అమ్మని ఏలూరు పంపకు నాయనా, ఆ కాలితో మగ్గం ముందు కూర్చోలేదు అని. తప్పేనంటావా?”

మరియంబీకి కోపం రావాలి. రాలేదు. ఎదురుగా చెరువు పావురం మెడ రంగులోకి మారుతోంది. ఆ గదిలో, ఆ కిటికీ పక్కన మగ్గం ఆమెకి కళ్ళకు కట్టినట్టు కనబడుతోంది. పొద్దున్నే గట్టు మీద నెమ్మదిగా నడిచి రావడం, పరుగెత్తాలనిపించిన రోజు పరుగెత్తడం, కాలు వద్దన్న రోజు కూర్చుని ముడులు వేయడం. మదార్ వదిలిన వరస దగ్గర మొదలుపెట్టాలి. ఆయన వైపు ఆయన ముడులు, తన వైపు తనవి, ఆ పైన అంతా ఈ నీళ్ళ రంగు. అంచుకి దొప్పల్లో దీపాల రంగు. ఆమె ఆ కలలో ఎంతసేపు ఉందో ఆమెకే తెలియదు. మబ్బు వెనక నెలవంక ఉందో లేదో చూడటం కూడా మరిచిపోయింది.

“అమ్మీ!”

కేక అవతలి గట్టు నుంచి వచ్చింది. మునీర్. వానకి నానిన గట్టు మీద సైకిలు దిగబడితే దాన్ని పడేసి, నీళ్ళ అంచు దాకా వచ్చి నిలబడ్డాడు. మధ్యలో చెరువు.

“అమ్మీ, ఇరమ్ ఫోన్ చేసింది! పండక్కి ఇంటికి సున్నం వేయిస్తున్నారంట. వసారాలో మగ్గం అడ్డమొస్తోందని బావ విప్పేస్తానంటున్నాడంట!”

“విప్పడమేంట్రా?” మరియంబీ లేచి నిలబడింది.

“నీ మోకాలి సంగతి నేనే చెప్పాను అమ్మీ! అమ్మీ ఇంక మగ్గం మీద కూర్చోలేదు అన్నాను. అందుకని... రాత్రి నమాజుకెళ్ళొచ్చి పడుగు కోసేస్తాడంట. నువ్వు ఊఁ అంటావో లేదోనని ఇరమ్ ఏడుస్తా చేసింది. నేను తిరిగి చేస్తుంటే లైను కలవడం లేదు!”

పడుగు కోస్తే తివాచీ ఉండదు. నేత పని తెలియనివాళ్ళకి ఒక్క మాటలో చెప్పాలంటే, ముడులన్నీ నిలబడేది ఆ దారాల మీదే. సగంలో కోస్తే అంచు కట్టని ముడులు ఒక్కొక్కటీ జారిపోతాయి. ఆఖరి వరసలు ముందు పోతాయి. ఆఖరి వరసలు మదార్‌వి.

“ఆఖరి బస్సు వచ్చే వేళైంది! నేను పోయి బస్సు ఆపుతాను, నువ్వు గట్టు చుట్టి రా!” మునీర్ అప్పటికే వెనక్కి తిరిగి రోడ్డు వైపు పరుగు తీశాడు.

అచ్చాయమ్మ ముఖం పాలిపోయింది. తను మునీర్‌తో అన్న ఒక్క మాట ఎక్కడి నుంచి ఎక్కడికి పాకిందో ఆమెకి అర్థమైంది. ఏదో అనబోయింది. వినడానికి మరియంబీ అక్కడ లేదు. కొంగు దోపుకోకుండా, బూట్ల తాళ్ళు బిగించకుండా గట్టు మీద పరుగెత్తుతోంది.

అచ్చాయమ్మ కూడా పరుగెత్తింది. నెలంతా పరుగెత్తిన గట్టే. మొదటి తూము, కిక్కిస పొద, వంపు, రెండో తూము. మంచు అప్పుడే నీళ్ళ మీద లేస్తోంది. మరియంబీకి మోకాలు గుర్తు లేదు, ఆయాసం గుర్తు లేదు. కుడిపక్కన మదార్ ఉన్నాడు. ఈసారి మొదటిసారిగా పక్కకి తిరిగి ఆమె వంకే చూస్తున్నాడు. ఇది ఏ రోజు పరుగో, ఎవరి లెక్కలో పడుతుందో ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

దూరంగా రోడ్డు మీద రెండు దీపాలు కనబడ్డాయి. బస్సు.

రెండో తూము దాటుతుండగా మరియంబీ మోకాలు కలుక్కుమంది. ఒక్క అడుగు, ఇంకో అడుగు, ఆ తరవాత కాలు మాట వినలేదు. తడి మట్టిలో చేతులు ఆనించి కూలబడింది. లేవబోయింది. లేవలేకపోయింది.

అచ్చాయమ్మ ఆగి వంగింది. “మరియం! అయ్యో, పట్టుకో నన్ను...”

“నన్ను వదిలేయండక్కా.” మరియంబీ ఆమె చేతుల్ని తోసేసింది. “మీరెళ్ళండి. బస్సెక్కండి. పడుగు కొయ్యొద్దని చెప్పండి. నేను కూర్చుంటానని చెప్పండి. బల్ల ఎత్తుగా వేయిస్తున్నారని చెప్పండి!”

“నేనా? ఏలూరులో మీ ఇల్లెక్కడో నాకేం తెలుసే? చీకట్లో, ఒంటరిగా...”

“దారి మునీర్ చూపిస్తాడు. కూర్చోలేనన్నది వాడే, గది ఇచ్చే మీరు చెబితేనే నమ్ముతారు. వెళ్ళండి అక్కా!”

బస్సు హారన్ మోగింది. దీపాలు ఆగాయి. ఆగిన బస్సు ఎంతసేపు ఆగుతుంది?

ఈ నెలలో అచ్చాయమ్మ ఒక్కసారి కూడా మరియంబీని దాటి ముందుకెళ్ళలేదు. ముందుండే బలం ఉన్నా, పక్కనే ఉండేది. ఇప్పుడు ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి, చీర మోకాళ్ళ పైకి దోపుకుని లేచింది. ఒట్టి కాళ్ళ చప్పుడు మంచులోకి వెళ్ళిపోయింది.

మరియంబీ మట్టిలో కూర్చుని ఆ చప్పుడు వింటూ ఉంది. తనను ఊరు దాటనివ్వనన్న మనిషి చేతుల్లోనే ఇప్పుడు మదార్ ఆఖరి వరసలున్నాయి. బస్సు ఇంజను గట్టిగా రేగింది. దీపాలు నెమ్మదిగా కదలడం మొదలుపెట్టాయి.

ఒట్టి కాళ్ళు ఇంకా పరుగెత్తుతూనే ఉన్నాయి.